లెక్క సరిపోయింది

పరమానందయ్య శిష్యులు వాగు దాటిన కథ మనలో తెలియనివారు ఉండరు. పన్నెండుగురూ క్షేమంగా అవతలి గట్టుకు చేరారు. ఎవరైనా కొట్టుకుపోయారేమోనన్న అనుమానంతో ఒకడు లెక్కపెట్టాడు, పదకొండే తేలింది. ఇంకొకడు లెక్కపెట్టాడు, మళ్ళీ పదకొండే. లెక్కపెట్టేవాడు తనను తాను మరిచిపోతున్నాడన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. అందరూ ఇసుకలో చతికిలబడి, పోయిన ఆ ఒక్కడి కోసం గొల్లుమన్నారు. మా అమ్మమ్మ చెప్పిన కథలో, దారిన పోయే పెద్దమనిషి ఒకడు వారిని వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కడి వీపు మీద ఒక్కొక్క చరుపు చరుస్తూ అంకె చెప్పించి, పన్నెండో చరుపుతో వారి దుఃఖం తీర్చాడు. వేదాంతులు ఇదే కథను పదిమందితో చెప్పి ఆత్మజ్ఞానం వైపు తీసుకుపోతారు. నేను అంత దూరం పోలేను. నా ఆసక్తి అంతా ఆ గట్టు మీద జరిగిన లెక్క గురించే.

చిన్నప్పటి నుంచీ వారి అమాయకత్వానికి నవ్వుతూనే వచ్చాను. కానీ కొన్నేళ్ళుగా ఆ శిష్యుల మీద నాకు గౌరవం పెరిగింది. వారు తప్పు లెక్క పెట్టారు, నిజమే. కానీ ఒకడు తగ్గాడని తేలగానే అక్కడే ఆగిపోయారు. ఒక్కడు కూడా “పోనీలే, సరిపోయే ఉంటుంది, పదండి” అనలేదు. సముద్రం మీద మనుషులను లెక్కపెట్టేవారికి ఈ గుణం ఎంత అవసరమో చెప్పడానికే ఈ టపా.

1998 జనవరి 25. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, పోర్ట్ డగ్లస్ రేవు. గ్రేట్ బారియర్ రీఫ్ చూపించడానికి ఒక పడవ 26 మంది ప్రయాణికులతో బయలుదేరింది. వారిలో టామ్, ఐలీన్ లోనర్గన్ అనే అమెరికన్ దంపతులున్నారు. పీస్ కోర్ స్వచ్ఛంద సేవకులుగా పసిఫిక్ దీవులలో పనిచేసి, ఇంటికి మరలే ముందు నాలుగు ఊళ్ళు చూస్తున్నవారు. గాలి సిలిండరు వీపున కట్టుకొని నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగ్ వారికి కొత్త కాదు. తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, సెయింట్ క్రిస్పిన్స్ రీఫ్ దగ్గర, ఆ రోజుకు చివరి మునకకు వారు నీళ్ళలోకి దిగారు. పైకి వచ్చేసరికి పడవ లేదు.

పడవ బయలుదేరే ముందు తలలు లెక్కపెట్టారు. విచారణలో బయటపడిన వివరాల ప్రకారం మొదట వచ్చిన అంకె 24. ఇద్దరు తక్కువ. ఇంతలో ఇద్దరు ప్రయాణికులు పడవ ముందువైపు నుంచి సరదాగా మళ్ళీ నీళ్ళలోకి దూకారని ఎవరో అన్నారు. 24కు ఆ ఇద్దరినీ కలిపితే 26. లెక్క సరిపోయింది. కానీ దూకినవారు అప్పటికే ఆ 24లో ఉన్నారు. ఇంజను తిరిగింది, పడవ రేవుకు వచ్చింది, అందరూ దిగి ఎవరి బసకు వారు పోయారు. రెండు రోజుల తర్వాత, పడవలో మిగిలిపోయిన ఒక సంచిని తెరిచి చూసినప్పుడు గానీ ఇద్దరు మనుషులు తిరిగి రాలేదన్న ఊహ ఎవరికీ రాలేదు. విమానాలతో, ఓడలతో పెద్ద ఎత్తున వెతికారు. దంపతులు దొరకలేదు. నెలల తరువాత, డైవర్లు నీటి అడుగున రాసుకునే పలక ఒకటి చాలా దూరాన ఒడ్డున దొరికింది. మమ్మల్ని వదిలి వెళ్ళారు, చనిపోయేలోగా వచ్చి కాపాడండి అన్న మనవి దాని మీద ఉంది. అందులో వేసిన తేదీ జనవరి 26. అంటే వారు ఆ రాత్రి గడిపి మర్నాటి ఉదయాన్ని చూశారు. వారు రాలేదన్న సంగతి అప్పటికి రేవులో ఎవరికీ తెలియదు.

ఈ ఉదంతం ఆధారంగా 2003లో ‘ఓపెన్ వాటర్’ అనే సినిమా వచ్చింది. చూసినవారు సొరచేపల గురించే మాట్లాడుకుంటారు. ఇంకొందరు ఆ దంపతులు ఆత్మహత్య చేసుకున్నారన్నారు, చనిపోయినట్టు నటించి ఎక్కడికో పారిపోయారని కూడా అన్నారు. మనిషి మనసు ఎంత చిత్రమైనదో చూడండి. 24కు రెండు కలపడంలో జరిగిన పొరపాటును ఒప్పుకోవడం కన్నా, ఇద్దరు మనుషుల జీవితాలలో ఒక రహస్యాన్ని కల్పించడం తేలికగా తోచింది. పడవ నడిపిన వ్యక్తి మీద కేసు నడిచింది, 1999లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. కంపెనీ తన నిర్లక్ష్యాన్ని ఒప్పుకొని జరిమానా కట్టింది. నాకు ఎవరి మీదా కొత్తగా నేరం మోపాలని లేదు. నన్ను పట్టి పీడించేది ఆ కూడిక.

మొదటి లెక్క తప్పు కాదు. 24 అన్నది అక్షరాలా నిజం. ఇద్దరు లేరని అది చెప్పింది. ఆ నిజం చేతిలో ఉండగానే, దాన్ని 26 చేసే వివరణ కోసం మనసు వెతికింది, దొరికింది, వెంటనే నమ్మింది. శిష్యులకు అంకె తగ్గితే ఏడుపు వచ్చింది. పడవ మీదివారికి అంకె తగ్గితే సర్దుబాటు తోచింది. లెక్కలో తప్పు రెండు వైపులా రావచ్చు. ఒకడు తక్కువని పొరబడితే పోయేది పావుగంట సమయం, కొంత నవ్వులాట. అందరూ ఉన్నారని పొరబడితే పోయేది ప్రాణం. ఈ రెండు తప్పుల బరువు ఒకటి కానప్పుడు, మొదటి రకం తప్పు వైపే ఒరిగి ఉండేలా పద్ధతిని పెట్టుకోవడం వివేకం. లెక్క తగ్గితే ఏ వివరణా చెల్లదు. లేరన్నవారి ముఖం కనబడాలి.

పేరు పెట్టి పిలిస్తే ఈ బాధ ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. 2004 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా తీరంలో, చమురు వేదిక ఒకదాని దగ్గర జరిగిన సంగతి ఆ ఆశను కొంత చెరిపింది. ఒక డైవరు ప్రవాహానికి పక్కకు కొట్టుకుపోయి, పడవకు దూరంగా పైకి తేలాడు. పొగమంచు కమ్మింది. అతడు ఈల ఊదితే వినబడలేదు. పడవలో పేర్ల జాబితా ఉంది. అందులో అతడి పేరుకు ఎదురుగా, వచ్చాడన్న గుర్తు పడింది. పడవ అక్కడి నుంచి కదిలి కొన్ని మైళ్ళ దూరాన ఉన్న రెండో చోటుకు పోయింది. అక్కడ కూడా అతడు నీళ్ళలోకి దిగినట్టు గుర్తు పడింది! తీరా మనిషి లేడని తెలిశాక వెతుకులాట మొదలైంది, అదీ రెండో చోట. మనిషి తేలుతున్నది మొదటి చోట. అదృష్టం బాగుండి, బాయ్ స్కౌట్ పిల్లలతో ఆ దారిన పోతున్న ఒక పాతకాలపు తెరచాప ఓడలోని కుర్రవాడి కంట అతడు పడ్డాడు. అప్పటికి కొన్ని గంటలుగా నీళ్ళలో ఉన్నాడు. తర్వాత అతడు దావా వేస్తే 2010లో జ్యూరీ సుమారు 16 లక్షల 80 వేల డాలర్ల పరిహారం ఇమ్మంది.

అంటే జాబితా ఉంటే చాలదు. జాబితాలో గుర్తు పెట్టేది ఎవరు, ఏం చూసి పెడుతున్నారు అన్నది ముఖ్యం. మన బడులలో హాజరు పట్టీ సంగతి తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. స్నేహితుడి బదులు గొంతు మార్చి “ప్రెజెంట్ సార్” అన్న పుణ్యం నేనూ మూటగట్టుకున్నాను.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కిందట అండమాన్లకు వెళ్ళినప్పుడు, ఈత సరిగా రాకపోయినా పరవాలేదని ఊరిస్తే, నేనూ ఒక డైవింగ్ పడవ ఎక్కాను. నీటి కింద చూసిన అందం గురించి ఇక్కడ రాయను, అది వేరే టపాకు సరిపడా సరుకు. తిరిగి పడవ ఎక్కాక, తడి బట్టలతో వణుకుతూ, వేరుశనగ ఉండలు పంచుకు తింటూ ఉండగా, పడవ కుర్రవాడు లంగరు తాడు చేతపట్టుకొని గట్టిగా “సబ్ ఆ గయే?” అని అడిగాడు. మేమంతా ఒక్క గొంతుతో “ఆ గయే!” అన్నాము. తాడు పైకి వచ్చింది. పడవ కదిలింది.

ఏమీ జరగలేదు. అందరమూ ఉన్నాము. కానీ రాత్రి బసలో పడుకున్నాక ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. అందరూ వచ్చారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది వచ్చినవారే. రానివాడు “నేను రాలేదు” అని అరవలేడు కదా! అయినా మన తీర్థయాత్రల బస్సుల నుంచి పెళ్ళివారి లారీల దాకా తరతరాలుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు. మా పెద్దమ్మను ఒకసారి కాళహస్తి దారిలో ఒక హోటలు దగ్గర ఇలాగే వదిలేశారు. ఆవిడ కాఫీ తాగి, వెనక వచ్చిన ఆర్టీసీ బస్సెక్కి, మావాళ్ళ కన్నా ముందే తిరుపతి చేరి, సత్రం అరుగు మీద కూర్చొని అందరినీ చెడామడా తిట్టింది. అది మా ఇంట్లో నేటికీ నవ్వుల కథే. సముద్రం మీద వెనకాల బస్సు రాదు.

వెనక్కి రావడం ఎంత కష్టమో చిన్న లెక్కతో చెబుతాను. గంటకు రెండు కిలోమీటర్ల వేగంతో ప్రవాహం ఉందనుకోండి. ఏ దిక్కుకు లాగిందో తెలియదు. మనిషి లేడని గంటలో తెలిస్తే, రెండు కిలోమీటర్ల వ్యాసార్ధంలో, అంటే 12 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నీటిలో వెతకాలి. నాలుగు గంటలకు తెలిస్తే వ్యాసార్ధం ఎనిమిది కిలోమీటర్లు, వెతకవలసిన నీరు 200 చదరపు కిలోమీటర్లు. ఆలస్యం నాలుగింతలైతే వెతుకులాట పదహారింతలవుతుంది. అలల మధ్య తేలుతున్న మనిషి తల దూరం నుంచి కొబ్బరికాయంత కూడా కనబడదు. అందుకే అనుభవజ్ఞులు ఈల, అద్దం, గాలి నింపి నిలబెట్టే నారింజ రంగు గొట్టం వెంట ఉంచుకుంటారు. అవన్నీ మనకోసం ఎవరైనా వెతుకుతున్నప్పుడే పనికివస్తాయి. వెతకాలన్న సంగతి ఎవరికైనా తెలియడం లెక్కతో మొదలవుతుంది.

మామూలు పడవకూ డైవింగ్ పడవకూ ఇక్కడే తేడా ఉంది. మామూలు పడవలో ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి లెక్కపెడితే సరిపోతుంది. డైవింగ్ పడవలో ప్రయాణికులు నడిసముద్రంలో రోజుకు రెండు మూడుసార్లు పడవ దిగిపోతారు, వేరువేరు సమయాలలో, వేరువేరు వైపుల నుంచి తిరిగి ఎక్కుతారు. ప్రతి చోటూ ఒక రేవే. కనుక చోటు మారిన ప్రతిసారీ కొత్తగా లెక్క మొదలుపెట్టాలి. ఆ దంపతుల ఉదంతం తర్వాత క్వీన్స్‌లాండ్‌లో నియమాలు బిగించారు. 2011లో వినోద జలక్రీడల భద్రత కోసం ప్రత్యేక చట్టమే చేశారు. అదే ఏడాది జూన్‌లో, అదే రీఫ్ మీద, గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి పైపైన ఈదుతున్న ఒక అమెరికన్ యువకుణ్ణి ఒక పడవ వదిలేసి వెళ్ళిపోయింది. దగ్గరలో ఇంకో పడవ ఉండబట్టి ఈదుకుంటూ వెళ్ళి బతికాడు. చట్టం పుస్తకంలో ఉంటుంది. తాడు లాగేది మాత్రం అలిసిపోయిన ఒక మనిషి.

మరి దారి ఏమిటి? దానికి విదేశాల దాకా పోనక్కరలేదు. మన సింగరేణి వంటి బొగ్గు గనులలో పద్ధతి చూడండి. భూగర్భంలోకి దిగే కార్మికుడు దీపాల గదిలో తన నంబరు దీపం తీసుకొని దిగుతాడు, పైకి వచ్చి దాన్ని తానే అప్పజెబుతాడు. షిఫ్టు ముగిశాక అరలో ఒక ఖాళీ కనిపిస్తే, కింద ఒక మనిషి ఉన్నాడని అర్థం. ఆ ఖాళీకి సర్దుబాటు ఉండదు. ఏ క్షణాన ఎవరెవరు కింద ఉన్నారో చూపే రిజిస్టరు ఉండాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. గనిలోకి దిగడమూ సముద్రంలోకి దిగడమూ ఈ విషయంలో ఒకటే. పైన ఉన్నవారికి కింద ఉన్నవారు కనబడరు. డైవింగ్ పడవల్లోనూ కొన్ని చోట్ల నంబరు బిళ్ళల పలక వాడతారు, కొన్ని చోట్ల పైకి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా సంతకం చేయిస్తారు. నా దృష్టిలో ఇందులో కీలకం ఒక్కటే. ఆ బిళ్ళను, ఆ సంతకాన్ని ఎవరికి వారే చేయాలి. భార్య బిళ్ళను భర్త తగిలించకూడదు, అన్న సంతకం తమ్ముడు పెట్టకూడదు. ఆపైన, ఇద్దరు సిబ్బంది ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా వేరువేరుగా తలలు లెక్కపెట్టాలి. రెండు అంకెలూ, ఆ పలకా, మూడూ కలిస్తేనే ఇంజను తాళం తిరగాలి.

దీనికి ఒక అభ్యంతరం వినబడుతుంది. డబ్బిచ్చి వినోదానికి వచ్చిన పెద్దమనుషులను బడిపిల్లల్లా నిలబెట్టి పేర్లు పిలిస్తే చిన్నబుచ్చుకుంటారని. పది నిమిషాలు వృథా అవుతాయని. జంటలుగా మునుగుతారు కనుక ఒకరు రాకపోతే జోడీయే చెబుతుందని. మొదటి రెండింటికీ జవాబు అవసరం లేదు. మూడోది మాత్రం ఆలోచించదగ్గది. సాధారణంగా అదే జరుగుతుంది. మా పెద్దమ్మ లేదని కూడా తిరుపతి చేరకముందే మా పెదనాన్న గమనించాడు. కానీ 1998లో పోయింది ఒకరు కాదు, జంట మొత్తం. భర్త కోసం అరవవలసిన భార్య, భార్య కోసం అరవవలసిన భర్త ఇద్దరూ నీళ్ళలోనే ఉన్నారు. పడవలో వారిని ఎరిగినవారు మరొకరు లేరు. పక్క సీటు ఖాళీగా ఉందని తోచిన ప్రాణి లేదు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే. బంధువులతో వెళ్ళినవాడికి లెక్క లేకపోయినా గడుస్తుంది. వాడి కోసం అరిచే గొంతు ఒకటి ఉంటుంది. ఒంటరిగా వెళ్ళినవాడికి, పరాయి దేశంలో భాష తెలియని పడవ ఎక్కినవాడికి, ఆ రోజుకు ఆ లెక్కే బంధువు. మనలో ఎంతమందిమి ఇప్పుడు అటువంటి పడవలు ఎక్కుతున్నామో తలచుకోండి. అండమాన్లకు, గోవాకు, నేత్రాణికి, థాయిలాండుకు మన పిల్లలు వెళుతున్నారు. విశాఖ రుషికొండ తీరంలోనే డైవింగ్ నేర్పుతున్నారు.

పడవ మీద లెక్క లేకపోవడం ఎంత దారుణమో మనకు గోదావరి చెప్పింది. పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు, అందులో ఎంతమంది ఉన్నారో ఆ సాయంత్రం ఖచ్చితంగా చెప్పగలిగినవారు లేరు. వార్తల్లో అంకె మారుతూ మారుతూ చివరికి 77 దగ్గర ఆగింది. బయటపడినవారు 26 మంది. పడవను పైకి తీసింది అక్టోబరు 22న. అన్ని రోజులూ గట్టు మీద కూర్చున్నవారికి తమవాళ్ళ పేరు ఏదో ఒక కాగితం మీద ఉందా లేదా అన్నది కూడా ఒక వేదనే. అక్కడ కారణాలు వేరు, సుడిగుండం వేరు, నేను రెండింటినీ ఒకే గాట కట్టడం లేదు. కానీ ఎందరు ఎక్కారో తెలియనివారికి ఎందరి కోసం వెతకాలో కూడా తెలియదు. మన పత్రికల్లో గజ ఈతగాళ్ళ ప్రస్తావన ప్రమాదం తర్వాతే వస్తుంది. ప్రమాదానికి ముందు కావలసినది ఒక పెన్సిలు, ఒక కాగితం, రెండు జతల కళ్ళు.

నియమాలు చేసేవారికి నా మాట చేరుతుందన్న భ్రమ నాకు లేదు. మిత్రులకు మాత్రం ఒక విన్నపం. ఈసారి ఎక్కడైనా ఇటువంటి పడవ ఎక్కితే, నీళ్ళలోకి దిగే ముందే “తిరిగి ఎక్కాక లెక్క ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు?” అని అడగండి. పడవలో ఒకరితోనైనా పేరు చెప్పి పరిచయం చేసుకోండి. ఒంటరిగా వచ్చినవారు కనిపిస్తే వారి ముఖం గుర్తుపెట్టుకోండి. “అందరూ వచ్చారా?” అన్న కేక వినబడినప్పుడు మందితో కలిసి “వచ్చాం” అనకండి. ఒక్కసారి లేచి నిలబడి, మీరే లెక్కపెట్టండి. మిమ్మల్ని కలుపుకోవడం మరిచిపోయి ఒకరు తగ్గారని కంగారు పడినా ఏమీ నష్టం లేదు. అంతా కలిసి నవ్వుతారు, మీరూ నవ్వండి. పరమానందయ్య శిష్యుడని పేరు పెడితే పెట్టనివ్వండి.

గత వేసవిలో మా అక్క కొడుకు డైవింగుకు వెళుతున్నానని ఫోను చేస్తే ఇవన్నీ చెప్పాను. ఓపికగా విని, “మామయ్యా, నువ్వు మరీ భయపడతావు” అన్నాడు. సాయంత్రం పడవ ఒడ్డుకు చేరాక వాడి దగ్గర నుంచి ఒక చిన్న సందేశం వచ్చింది. “పద్నాలుగు. నాతో కలిపి.”

ఆ అంకె చూశాకే నేను భోజనానికి లేచాను.